మబ్బులాయన పంపిన గెలాక్సీ

ఆ వేసవిలో మా ఇంటికి వచ్చిన గెలాక్సీ చాలా రోజులు ఫ్రిజ్ మీదే పడి ఉంది.

పాత స్వెటర్ ముక్కలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ టేపు వేసిన చిన్న హార్డ్ డిస్కు అది. కొండ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడు నాన్న. షోరూములో నా బిల్లింగ్ డ్యూటీ అయ్యాక బస్టాండుకి వెళ్ళి తెచ్చి, అమ్మ చేతిలో పెట్టబోయాను. అమ్మ తీసుకోలేదు. ఫ్రిజ్ వైపు చూపించి అక్కడ పెట్టమంది. కరెంటు బిల్లుకీ అమ్మమ్మ మందుల డబ్బాకీ మధ్య పెట్టాను. రోజూ దుమ్ము దులిపేటప్పుడు అమ్మ ఆ పెట్టెను ఎత్తేది, కింద తుడిచేది, మళ్ళీ అక్కడే పెట్టేసేది.

మా నాన్న కొండమీద వాతావరణ కేంద్రంలో పనిచేశాడు. పొద్దునా సాయంత్రం తల ఎత్తి ఏ రకం మబ్బులున్నాయో, ఎంత మేర కమ్ముకున్నాయో, గాలి ఎటునుంచి వీస్తోందో రాసి పంపడం ఆయన ఉద్యోగం. అందుకని మా అమ్మమ్మ ఆయనకి మబ్బులాయన అని పేరు పెట్టింది. ఎదురుగా ఉంటే అల్లుడుగారూ అనే పిలిచేది. ఆయన ఎదురుగా ఉన్న రోజులే తక్కువ. నేను బడికి వెళ్ళే రోజుల్లోనే ఆయనకి కొండమీదికి బదిలీ అయింది. అమ్మకి ఇక్కడి ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్ ఉద్యోగం, నాకు ఇక్కడ చదువు. మొదట్లో నెలనెలా వచ్చేవాడు, తర్వాత సెలవులకి వచ్చేవాడు, ఆ తర్వాత ఫోను మాత్రం వచ్చేది. వాళ్ళిద్దరికీ గొడవల్లేవు, విడాకుల్లేవు, రాకపోకల్లేవు. చిన్నప్పుడు ఎవరైనా మీ నాన్న ఎక్కడుంటారని అడిగితే "పైన" అనేదాన్ని. పాపం అనుకుని చేతిలో చాక్లెట్ పెట్టేవాళ్ళు.

అంతకుముందు ఏడాది రిటైరయ్యాడు. ఇక వచ్చేస్తాడని అమ్మ వెనకగదికి సున్నం వేయించింది, కొత్త పరుపు కొంది. తీరా ఆయన ఫోన్ చేసి, ఉద్యోగమంతా మబ్బులు చూడటంతోనే సరిపోయింది, మబ్బు లేని ఆకాశాన్ని కొన్నాళ్ళు చూసుకుని వస్తానన్నాడు. సొంతంగా తయారు చేసుకున్న టెలిస్కోపు ఉంది, దానికి కెమెరా బిగించుకున్నాడు, అంత చీకటి కింద ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందన్నాడు. అమ్మ సరే అని ఫోను పెట్టేసింది. మర్నాటి నుంచి వెనకగదిలోకి ఇస్త్రీ బల్ల, పాత పేపర్లు, విరిగిన కుర్చీ ఒక్కొక్కటే చేరాయి.

డిస్కు సంగతి నాన్న నాతోనే చెప్పాడు. తను ఒక గెలాక్సీని ఫొటో తీస్తున్నాడట. దానికి పొగలాంటి తోక ఉందట. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట ఇంకో గెలాక్సీ పక్కనుంచి పోతూ దీని నక్షత్రాల్ని కొన్నిటిని లాగేసిందట, ఆ ఆనవాలే తోక. తను ఎంత కష్టపడ్డా అది బయటికి రావడం లేదు, మీ అమ్మని చూడమను అన్నాడు. నువ్వే అడగొచ్చుగా అన్నాను.

"నువ్వే అడుగు," అన్నాడు. "మీ అమ్మకి నీడలు చదవడం వచ్చు."

ఆ మాట అమ్మకి చెప్పాను. విననట్టే ఊరుకుంది.

చివరికి ఆ పెట్టె కదిలింది అమ్మమ్మ వల్లే. ఒకరోజు మధ్యాహ్నం ఎండ దంచేస్తుంటే, విసనకర్రతో విసురుకుంటూ అమ్మతో అంది: "ఎన్నాళ్ళని దాన్ని బయట పెడతావే? ఈ ఎండకి పాడైపోతుంది. చూస్తే చూడు, లేకపోతే తీసి ఫ్రిజ్ లోపల పెట్టు."

అమ్మకి నవ్వాగలేదు. అలా నవ్వుతూనే వెళ్ళి కత్తెర తెచ్చి టేపు కోసింది.

మొదటి ఫొటో తెరిస్తే తెర మొత్తం నలుపు. అక్కడక్కడా నక్షత్రాలు, మధ్యలో వేలిముద్ర చెరిపేసినట్టు చిన్న మసక. దీనికోసమా ఇల్లూ వాకిలీ వదిలేసి కూర్చున్నాడని అమ్మమ్మ లేచి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం కదల్లేదు. నాన్నకి ఫోన్ కలిపి స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచమంది. అన్నేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ బిల్లులూ జ్వరాలూ కాకుండా ఇంకో విషయం మాట్లాడుకోవడం అదే మొదలు.

నాన్న ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఒక్క ఫొటోలో ఏదీ తేలదు. ఒకే చోటుని కొన్ని నిమిషాలపాటు, మళ్ళీమళ్ళీ, రాత్రుల తరబడి తియ్యాలి. అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చితే, కెమెరా పుట్టించే రవ్వల్లాంటి తప్పుడు చుక్కలు ప్రతి ఫొటోలో వేరేచోట ఉంటాయి కాబట్టి చెదిరిపోతాయి, నిజంగా ఉన్నది మాత్రం అక్కడే ఉండి గట్టిపడుతుంది. మూత పెట్టి తీసిన ఫొటోలు కొన్ని ఉంటాయి, కెమెరాలోని లోపాల్ని తీసేయడానికి. టెలిస్కోపు గొట్టం మూతికి తెల్లగుడ్డ కట్టి తీసినవి కొన్ని ఉంటాయి, అద్దం మీది దుమ్ము మరకల్ని తీసేయడానికి. నాకు సగం అర్థమయ్యేలోపే అమ్మకి అంతా అర్థమైపోయింది. "ఒక్క ఫిల్ములో ఉన్నది మచ్చ కాదు, అన్నిట్లోనూ ఉంటేనే మచ్చ. అంతేగా?" అంది. అంతే అన్నాడు నాన్న. ఆ గొంతులోని సంతోషం నేను అంతకుముందు విన్నది కాదు.

అప్పటినుంచి మా ఇంటి సాయంత్రాలు మారిపోయాయి. అమ్మ డ్యూటీ నుంచి వస్తుంది, స్నానం చేస్తుంది, జడ వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంటుంది. వంట నా మీద పడింది. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వాళ్ళ మాటలు వినేదాన్ని. మాటల్లో చెప్పుకోదగ్గదేమీ ఉండేది కాదు. ఈ మూల ఎర్రగా ఉందంటే, అటువైపు లోయలో ఊరి దీపాలు అంటాడు ఆయన. ఈ గీత ఏమిటంటే, శాటిలైట్ పోయుంటుంది, ఆ ఫొటో పక్కన పెట్టెయ్ అంటాడు. మధ్యలో తిన్నారా అని ఈవిడ అడుగుతుంది. తిన్నానంటాడు. ఒకసారి అమ్మ తాజాగా తల దువ్వుకుని ఫోను ముందు కూర్చుంటే అమ్మమ్మ నన్ను పిలిచి, ఆ ఫోనులో జడ కూడా కనిపిస్తుందా అని అడిగింది. అమ్మకి వినపడేలాగే అడిగింది.

నాకు ఓపిక తక్కువ. పేర్చిన ఫొటో తెర మీద ఉంటే వెలుగు పెంచే మీటను ఆ చివరికి లాగేదాన్ని. లాగితే పొగలూ తోకలూ ఎక్కడపడితే అక్కడ పుట్టుకొచ్చేవి. అదిగో అదిగో అని చూపించేదాన్ని. అమ్మ నా చెయ్యి పక్కకి తీసి మీటను వెనక్కి జరిపేది.

"ఆగు," అంది ఒకసారి. "చూడాలని మనకి ఆశ ఉన్నప్పుడు లేనిది కూడా కనపడుతుంది. రోజూ చూస్తున్నా కదా ఆస్పత్రిలో. ఉన్నదేదో అదే రావాలి."

ఎండలు ముదిరాయి. కొండ బస్సులో ఇంకో డిస్కు వచ్చింది, ఇంకోటి వచ్చింది. ఒక సాయంత్రం నేను చపాతీ పిండి చేతులతో వెళ్ళేసరికి అమ్మ తెరకి దూరంగా కుర్చీ జరుపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గెలాక్సీ ఎడమ అంచు నుంచి సన్నటి మసకగీత ఒకటి కిందికి వంగి, చాలా దూరం పోయి, మళ్ళీ పైకి తిరుగుతోంది. దాని మీద మీట లాగలేదు, రంగు పెంచలేదు. ఉందంటే ఉంది.

అమ్మ ఫోనులో ఒకటే మాట అంది: "ఉంది."

నాన్న ఎటువైపని అడిగాడు. అమ్మ చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాడు. ఎంత వంపు, ఎక్కడ పలచబడింది, చివర తెగిపోయిందా, కలిసిందా, అన్నీ అడిగి చెప్పించుకున్నాడు. అంత ముచ్చటపడుతున్నాడని మేం మురిసిపోయాం. తోక చివర ఇంకా తేలాలంటే మరికొన్ని రాత్రులు కావాలని, వానలొచ్చేలోపు తీసి పంపుతానని చెప్పాడు. ఆ తర్వాత వచ్చేస్తావా నాన్నా అని నేను అడిగాను. చూద్దాం అన్నాడు. నాకు ఆ చూద్దాం చాలు. మర్నాడు షోరూముకి సెలవు పెట్టి వెనకగదిలో ఇస్త్రీ బల్లా కుర్చీ బయటికి లాగి, నేల కడిగి, పరుపు ఎండలో వేశాను. అమ్మ చూసింది. సాయంత్రం తనే దుప్పటి తీసి పరిచింది.

తర్వాతి డిస్కు అందుకోవడానికి వెళ్ళినప్పుడు కొండ బస్సు డ్రైవరు, ఈసారి కాస్తలో తప్పిపోయేదమ్మా అన్నాడు. మీ నాన్నగారు పక్క బస్సు ఎక్కి ఆ డ్రైవరు చేతిలో పెట్టేశారు, నేను చూసి తెచ్చాను, పెద్దాయన ధ్యాస అంతా ఆకాశం మీదే ఉన్నట్టుంది అని నవ్వాడు. నేనూ నవ్వేసి ఇంటికొచ్చాను.

ఆ డిస్కులో ఫొటోలు బాగాలేవు. నక్షత్రాలు సూది మొనల్లా ఉండాల్సింది, ఉబ్బి ఆవగింజల్లా ఉన్నాయి. ఫోకస్ పోయిందని అమ్మ చెబితే, చలికి గొట్టం లోహం బిగుసుకుంటుంది, దానివల్ల అన్నాడు నాన్న. తర్వాత వచ్చినవాటిలో ఇంకా ఉబ్బాయి. గాలి అన్నాడు. అమ్మ సరేనంది, కాని ఆ రాత్రి లేవలేదు. వేసవి మొదటినుంచి వచ్చిన ఫొటోల్ని తారీఖుల వరసన పెట్టి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది. మొదటి డిస్కులో నక్షత్రాలు చిన్నవి, రెండోదాంట్లో కాస్త పెద్దవి, ఆ తర్వాత మరికాస్త. గాలి లేని రాత్రులూ అంతే, వెచ్చటి రాత్రులూ అంతే. తెల్లగుడ్డ కట్టి తీసిన ఫొటోల్లో అద్దం మీద పెద్ద చేతిమరక ఉంది, దాన్ని ఎవరూ తుడవలేదు. ఒక రాత్రి ఫొటోలన్నిట్లోనూ సగం తెరకి టెలిస్కోపు షెడ్డు మీద జరిపే రేకు అడ్డం వచ్చింది. రేకు పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. ఆ పక్కన నిలబడి నాన్న రాత్రంతా అలాగే తీసుకుంటూ పోయాడు.

మా అమ్మకి ఒక మొహం ఉంది. ఆస్పత్రిలో ఫిల్ము చూడగానే ఏదో ఉందని తనకి తెలిసిపోయినప్పుడు, బయట బెంచీ మీది మనిషి ఎలా ఉందమ్మా అని అడిగితే, డాక్టరుగారు చెప్తారండీ అంటూ పెట్టే మొహం. చిన్నప్పుడు ఆస్పత్రిలో తన పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్న రోజుల్లో చాలాసార్లు చూశాను. కంప్యూటరు వెలుగులో ఇప్పుడు అదే మొహం.

"నాన్న ఫోకస్ ఎలా పెడతారు?" అని నన్నడిగింది.

తెరమీద ఒక నక్షత్రాన్ని పెద్దది చేసి, అది చిన్నచుక్క అయ్యేదాకా చేత్తో మర తిప్పుతాడని చెప్పాను. కంటితోనే చూసుకోవాలి అన్నాను. అన్నాక నాకూ అర్థమైంది.

అమ్మ స్పీకరు పెట్టలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది. అయినా ఆ నిశ్శబ్దంలో నాన్న మాట నాకు వినిపిస్తూనే ఉంది.

"ఎన్నాళ్ళయింది?" అంది అమ్మ.

"పోయిన చలికాలం నుంచి," అన్నాడు.

"నాకు చెప్పాలనిపించలేదా?"

"ఫొటోలు పంపిస్తున్నాగా," అన్నాడు నాన్న.

అమ్మ ఫోను బల్లమీద బోర్లా పెట్టి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి, ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే మూసింది. పొద్దున్నే బస్సుకి టికెట్లు చూడమంది. అమ్మమ్మ పడుకోలేదని అప్పుడు తెలిసింది. తన మంచంమీదినుంచే, అక్కడ చలి ఉంటుంది, నా శాలువా కూడా పెట్టుకోండి అంది. మబ్బులాయన అనలేదు, మరొకటీ అనలేదు.

మేం కొండమీద బస్సు దిగేసరికి సాయంత్రమైంది. నాన్న ఉంటున్నది వాతావరణ కేంద్రం వెనక ఒంటిగది, రేకుల కప్పు. పక్కన టెలిస్కోపు షెడ్డు. తలుపు తీసి నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. అమ్మ వైపు తిరిగాడు గాని ఆమె మొహం దాటి, చెవి పక్కన ఎక్కడో చూస్తున్నాడు.

"ఏమనుకోకు," అన్నాడు. "తిన్నగా చూస్తే మధ్యలో నల్లమచ్చే ఉంటుంది. నిన్ను చూడాలంటే నీ చెవి వైపు చూడాలి."

"తిన్నగా మీరెప్పుడు చూశారు గనక," అంది అమ్మ. అని, చెయ్యి చాపి ఆయన గుండీలు విప్పి మళ్ళీ సరిగా పెట్టింది.

కొండకింద పట్నంలో డాక్టరుకి ఒకసారి చూపించుకున్నాడట. కంటి మధ్యలోని చూపుని తినేసే జబ్బు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబడటానికి నెలనెలా కంట్లో సూది వెయ్యాలన్నారట. ఒక్క సూదికే భయపడి మళ్ళీ వెళ్ళలేదు. అమ్మ అంతా విని, ఎల్లుండి వెళ్తున్నాం అంది. అలాగే అన్నాడు. మా నాన్న ఎవరిమాటకైనా అంత తొందరగా అలాగే అనడం నేను చూడలేదు.

చీకటి పడగానే షెడ్డు రేకుని ఈసారి ముగ్గురం కలిసి చివరిదాకా తోశాం. అన్ని నక్షత్రాలు ఒక్కసారి మీదికొచ్చేసరికి నేను గోడ పట్టుకున్నాను. కెమెరా తీసి, కంటితో చూసే కటకం బిగించి ముందు అమ్మని చూడమన్నాడు నాన్న. వేసవంతా తెరమీద చూసిన గెలాక్సీని అమ్మ అప్పటిదాకా ఆకాశంలో చూడనే లేదు. వంగి చూసి, ఏమీ లేదంది.

"సూటిగా చూడకు," అన్నాడు ఆయన. "మసకవి సూటిగా చూస్తే మాయమైపోతాయి. కొంచెం పక్కకి చూడు, అప్పుడు వస్తుంది."

అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తి, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. నేను చూస్తే ఊదితే పోయేంత చిన్న పొగ, అంతే. తోకా లేదు, రంగూ లేదు. ఇల్లొదిలి వెళ్ళిన మనిషికోసం ఎదురుచూసినన్నేళ్ళూ, ఆయన్ని ఇక్కడ పట్టి ఉంచింది ఇంతకంటే పెద్దదేదో అయ్యుంటుందనుకున్నాను. అయినా కన్ను తియ్యబుద్ధి కాలేదు.

తర్వాత కెమెరా బిగించారు. నాన్న చెయ్యి మర మీద, అమ్మ కళ్ళు తెర మీద. ఇంకాస్త, ఇంకాస్త, ఎక్కువైంది, వెనక్కి, వెనక్కి అంటూ అమ్మ చెబుతుంటే ఆయన వెంట్రుకవాసి కదుపుతున్నాడు. "ఆపండి," అంది. నక్షత్రం సూదిమొనలా నిలబడింది. ఆయన చెయ్యి తియ్యలేదు. అమ్మా తియ్యమనలేదు. నేను శాలువా కప్పుకుని గదిలోకి వచ్చి పడుకున్నాను.

నాకు సెలవు లేదు, అమ్మమ్మ ఒంటరిగా ఉంది. వెన్నెల లేని ఈ చీకటి రాత్రులు అయిపోయేదాకా ఉండి వస్తానని అమ్మ నన్ను బస్సెక్కించింది. ఇద్దరూ కలిసే వస్తారని నేను అనుకున్నాను. వెనకగది కిటికీకి పరదా కట్టాను, దీపం తల దగ్గరికి మార్చాను, గోడకి తగలకుండా మంచం జరిపాను.

తొలకరి పడ్డాక అమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. కొండమీది చిన్న ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషను ఉందిగాని నడిపేవాళ్ళు లేక గుడ్డ కప్పి పెట్టారట, అక్కడికి బదిలీ అడిగిందట, ఇచ్చేశారట. నేను పొయ్యి దగ్గర నిలబడి అదంతా విన్నాను.

"నాన్ననే ఇక్కడికి తీసుకురావచ్చుగా," అన్నాను.

"ఇక్కడికొస్తే ఆయనకి చూడటానికి ఏముంది? ఉన్న చూపు ఎన్నాళ్ళో తెలీదు."

అమ్మ చీరలు మడతపెడుతూ పెట్టెలో సర్దుతోంది. నాతో అన్నట్టు కాక ఊరికే అన్నట్టు అంది: "వస్తారు వస్తారని ఇన్నేళ్ళూ చూశాను. నేనే వెళ్ళొచ్చని ఒక్కసారి కూడా తోచలేదు, చూడు."

మరి నేనో అని నోటిదాకా వచ్చింది. నాకు ఉద్యోగం ఉంది, ఇరవయ్యేళ్ళు దాటాయి, అలా అడిగే వయసు కాదు. బస్సు కదిలేటప్పుడు అమ్మ కిటికీలోంచి నా తల నిమిరింది. ఆ చెయ్యి కాస్త ఎక్కువసేపే ఉంది.

నాన్న కావాలని చిన్నప్పుడు ఏడ్చేదానివి, ఇప్పుడు చూడు, అమ్మని కూడా పట్టుకుపోయాడు అని అమ్మమ్మ నన్ను నవ్వించబోయింది. నేను నవ్వాను. ఆవిడే కళ్ళు తుడుచుకుంది.

వానలు ఊపందుకున్నాక పూర్తయిన ఫొటో పంపించారు. గెలాక్సీ, దాని తోక, తోక చివర కూడా తేలింది. చూసి చూసి అమ్మమ్మ, అయితే పక్కనుంచి పోయిన ఆ రెండోది ఇక వెనక్కి రానే లేదా అని అడిగింది. తెలీదన్నాను.

ఆ రాత్రి భోజనాల వేళ అమ్మ ఫోన్ చేసింది. సూది వేయించుకున్నారని, డాక్టరు ఫరవాలేదన్నాడని, అమ్మమ్మ మాత్రలు అయిపోవచ్చాయి కొనమని చెప్పింది. ఉంటానమ్మా అని ఫోను పక్కన పెట్టింది, కాని కట్ చెయ్యలేదు. పెట్టేద్దామని చూస్తే అవతల రేకుల మీద వాన హోరు వినిపించింది. ఆ హోరులోంచి అమ్మ గొంతు, కప్పు కారుతోంది, బకెట్ ఇటు జరపండి అంటోంది.

"ఎటు?" అన్నాడు నాన్న.

"నా గొంతు వైపు."

బకెట్ నేలమీద రాసుకుంటూ పోయిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆ ఇద్దరిలో ఎవరో చిన్నగా నవ్వారు, ఎవరో తెలీలేదు. తర్వాత చుక్కలు బకెట్లో పడటం ఒక్కటే.

అమ్మమ్మ కంచం ముందు కూర్చుని, ఎవరే అంది. అమ్మా నాన్నా అన్నాను.

"ఏమంటున్నారు?"

"ఏమీ అనట్లేదు."

"మరి పెట్టెయ్యి, అన్నం చల్లారిపోతోంది."

పెట్టేస్తున్నాను అన్నాను. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఎడమచేత్తో ఆవిడకి వడ్డించాను.